జార్జ్ మెక్‌డొనాల్డ్ (1824–1905): పిల్లల పత్రిక సంపాదకత్వం ఆయన ఊహాలోక రచనకు ఏం చేసింది?

పాతపుస్తకాలగది రాశారు:

ఈ వేదికలో ఫాంటసీ సాహిత్యం ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ స్కాట్లాండ్ రచయిత జార్జ్ మెక్‌డొనాల్డ్ పేరు మరొకరి పేరు వెనకే వస్తోంది. ‘నార్నియా’ కథలు రాసిన సి. ఎస్. లూయిస్ ఆయనను గురువుగా భావించాడనీ, ఆంగ్ల రచయిత జి. కె. చెస్టర్టన్ మీద ఆయన నవల ఒకటి జీవితాంతం ప్రభావం చూపిందనీ, ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రాసిన టోల్కీన్ గాబ్లిన్‌లకు (భూమి అడుగున బతికే వికృతాకారులకు) ఆయనతో చుట్టరికం ఉందనీ చెప్పుకుని అక్కడితో ఆగిపోతున్నాం. ఆయన ఎలా బతికాడు, ఏ ఒత్తిళ్ల మధ్య రాశాడు, ఒక పిల్లల మాసపత్రికకు సంపాదకుడిగా ఏం చేశాడు అన్న విషయాలు విడిగా చర్చించదగినవని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది.

ముందుగా జీవిత వివరాలు. ఆయన 1824 డిసెంబర్ 10న ఎబర్డీన్‌షైర్‌లోని హంట్లీ పట్టణంలో పుట్టాడు. ఎనిమిదేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకున్నాడు. క్షయవ్యాధి ఆ కుటుంబాన్ని తరతరాలుగా పట్టి పీడించింది. ఆయన ఊపిరితిత్తులు కూడా యౌవనం నుంచీ బలహీనమే. ఎబర్డీన్‌లోని కింగ్స్ కాలేజీలో విద్యార్థి వేతనంతో చేరి 1845లో పట్టా పుచ్చుకున్నాడు. తర్వాత లండన్‌లో పిల్లలకు ఇళ్లలో చదువు చెప్పాడు, హైబరీ కాలేజీలో మతశాస్త్రం చదివాడు, 1850లో ఇంగ్లండ్ దక్షిణ ప్రాంతంలోని అరండెల్‌లో ఒక కాంగ్రిగేషనల్ చర్చికి పాస్టర్‌గా కుదిరాడు. 1851లో లూయీసా పవెల్‌ను పెళ్లాడాడు. వారికి పదకొండు మంది పిల్లలు.

ఆ పాస్టర్ ఉద్యోగం మూడేళ్లయినా నిలవలేదు. క్రైస్తవులు కానివారికి మరణానంతరం కూడా దైవకృప అందే అవకాశం ఉందని ఆయన నమ్మాడు. జంతువులకు సైతం పరలోకంలో చోటు ఉండవచ్చునన్నాడు. జర్మన్ తత్త్వచింతన ఆయన బోధల్లోకి జొరబడిందని సంఘ పెద్దలు అభ్యంతరం చెప్పి, ఉండలేక తనంతట తానే పోతాడనుకుని జీతం తగ్గించారు. కొంతకాలం ఓర్చుకున్నాడు గానీ, 1853లో రాజీనామా చేయక తప్పలేదు. మనలాంటి దూరదేశాల జనం గతి ఏమవుతుందన్న ప్రశ్న మీద, మనలో ఎవరినీ ఎన్నడూ చూడని ఒక స్కాట్లాండ్ మనిషి తన ఉద్యోగాన్ని పణంగా పెట్టాడన్న సంగతి నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

ఆ తర్వాత ఆయన బతుకంతా కలం మీదే నడిచింది. 1855లో ‘విదిన్ అండ్ వితవుట్’ అనే పద్య నాటకం, 1858లో ‘ఫాంటాస్టెస్’ వెలువడ్డాయి. రెండవది పెద్దల కోసం రాసిన ఫాంటసీ నవల. ‘స్త్రీపురుషుల కోసం ఒక అద్భుత కథ’ అన్న అర్థం వచ్చే ఉపశీర్షిక పెట్టి మరీ ఆ సంగతి చెప్పాడు. అయితే ఆ మీదట ఆయన రాసిన యాభైకి పైగా పుస్తకాల్లో ఇలాంటివి కొద్దిపాటివే. పెద్దల కోసం మరో పూర్తి స్థాయి ఫాంటసీ రావడానికి 1895 దాకా, అంటే ‘లిలిత్’ దాకా ఆగవలసి వచ్చింది. మధ్యలోని ముప్ఫై ఏడేళ్లలో ఆ ఊహాశక్తి ఎక్కడ తలదాచుకుంది? నా సమాధానం: పిల్లల పత్రికలో. సభ్యులు తమ అభిప్రాయాలు చెప్పాలని కోరుతున్నాను.

లెక్కలపుస్తకం రాశారు:

మంచి చర్చ మొదలుపెట్టారు. దీనిలో డబ్బు సంగతిని పక్కన పెడితే ఏదీ సరిగా అర్థం కాదని నా నమ్మకం.

‘ఫాంటాస్టెస్’ హక్కులను ‘స్మిత్, ఎల్డర్’ సంస్థ 50 పౌండ్లకు కొన్నది. సమీక్షకుల్లో కొందరు మెచ్చుకున్నారు, ‘అథీనియం’ పత్రిక మాత్రం చాలా కఠినంగా రాసింది. ఆ పుస్తకం అమ్మకాలతో సంసారం గడవదన్నది స్పష్టమైపోయింది. ఆ ప్రచురణకర్త జార్జ్ స్మిత్ ఆయనకు చెప్పిన సలహా ఒకటే: నవలలు రాయండి, డబ్బు వచ్చేది వాటి మీదే. ఆ మాట విని రాసిన ‘డేవిడ్ ఎల్గిన్‌బ్రాడ్’ 1863లో వచ్చింది, బాగా ఆడింది. అప్పటి నుంచి మూడు సంపుటాల నవలలు వరసగా వచ్చాయి. అప్పట్లో అద్దె గ్రంథాలయాలు నవలను మూడు సంపుటాలుగా కొని, ఒక్కో సంపుటాన్నీ ఒక్కో పాఠకుడికి ఇచ్చేవి. కాబట్టి నిడివిని బట్టే రచయిత బేరం కుదిరేది. ఆయన నవలల్లో సాగదీత ఉందని విమర్శించేవారు ఈ సంగతిని కూడా గుర్తుంచుకోవాలి.

నవలలు రాస్తూనే ఉపన్యాసాలు ఇచ్చాడు, లండన్‌లోని బెడ్‌ఫర్డ్ కాలేజీలో ఆంగ్ల సాహిత్యం బోధించాడు. కవి బైరన్ భార్య లేడీ బైరన్ ఆయన తొలి పుస్తకం చదివి అభిమానించి, ఆరోగ్యం కోసం ఆ కుటుంబం 1856 శీతాకాలంలో అల్జీర్స్ వెళ్లడానికి ఆదుకుంది. 1877లో విక్టోరియా రాణి ప్రభుత్వం ఏడాదికి 100 పౌండ్ల పింఛను మంజూరు చేసింది. పేరు ఇంగ్లిష్ చదివే దేశాలన్నిటా మారుమోగుతున్న రచయితకు యాభై మూడో ఏట అది అవసరమైందంటే, ఆ పేరుకూ రాబడికీ మధ్య ఎంత దూరం ఉండేదో ఊహించవచ్చు.

పిల్లలబడి రాశారు:

పత్రిక గురించి చెప్పవలసింది చాలా ఉంది. నేను బడిలో పిల్లల గ్రంథాలయం చూసుకుంటాను కాబట్టి ఆయన జీవితంలో నన్ను ఎక్కువగా ఆకర్షించే భాగం కూడా ఇదే.

స్కాట్లాండ్‌కే చెందిన ప్రచురణకర్త అలెగ్జాండర్ స్ట్రాహన్ అప్పటికే ‘గుడ్ వర్డ్స్’ అనే మాసపత్రికను ప్రచురిస్తున్నాడు. దానికి తోడుగా 1868 నవంబర్‌లో పిల్లల కోసం ‘గుడ్ వర్డ్స్ ఫర్ ద యంగ్’ మొదలుపెట్టాడు. మొదటి ఏడాది నార్మన్ మెక్లియాడ్ సంపాదకుడు. ఆ తర్వాత ఆ బాధ్యత మెక్‌డొనాల్డ్‌కు వచ్చింది. 1872 దాకా ఆయనే చూశాడు.

సంపాదకుడు కాకముందే, మొట్టమొదటి సంచిక నుంచీ ఆయన ధారావాహిక ఆ పత్రికలో ఉంది. అదే ‘ఎట్ ద బ్యాక్ ఆఫ్ ద నార్త్ విండ్’. లండన్‌లో ఒక బండివాడి కొడుకు డైమండ్. గుర్రపుశాల మీద గడ్డి దాచే అటకలో వాడి పడక. చెక్కల సందులోంచి రాత్రిపూట దూరే ఉత్తరపు గాలి ఒక స్త్రీ రూపంలో వాడితో మాట్లాడుతుంది, తన జుట్టులో కూర్చోబెట్టుకుని ఊరి మీదుగా తీసుకుపోతుంది. ఇంతవరకు ముచ్చటైన పిల్లల కథలాగే ఉంటుంది. కానీ ఆ గాలే ఒక ఓడను ముంచుతుంది. ఆ నష్టంతో డైమండ్ తండ్రి యజమాని దివాలా తీస్తాడు, తండ్రి పని పోతుంది, ఇంటిల్లిపాదీ వీధిన పడినంత పనవుతుంది. అద్భుతలోకంలో జరిగిన పనికి ఫలితాన్ని పేదవాడి వంటింట్లో చూపించడం ఆనాటి పిల్లల కథల్లో చాలా అరుదు. ప్రేమగా మాట్లాడే ఆ గాలే ఓడను ఎందుకు ముంచిందన్న ప్రశ్నకు రచయిత తేలిక సమాధానం ఇవ్వడు. ఆ బరువును పిల్లవాడి ముందే పెడతాడు.

ఆ తర్వాత అదే పత్రికలో ‘రానల్డ్ బానర్‌మన్స్ బాయ్‌హుడ్’, ‘ద ప్రిన్సెస్ అండ్ ద గాబ్లిన్’ వచ్చాయి. చార్లెస్ కింగ్స్‌లీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెప్పిన ‘మేడమ్ హౌ అండ్ లేడీ వై’ కూడా మొదట ఇక్కడే అచ్చయింది. ఆర్థర్ హ్యూస్ వేసిన బొమ్మలు ఈ కథలతో విడదీయరానంతగా కలిసిపోయాయి.

పత్రిక మాత్రం ఆర్థికంగా నిలదొక్కుకోలేదు. అద్భుత కథల పాలు ఎక్కువైందని ప్రచురణకర్త భావిస్తున్నట్టు మెక్‌డొనాల్డ్ భార్యకు రాసిన ఒక ఉత్తరం చెబుతుంది. అదే ఉత్తరంలో తాను అప్పుడు రాస్తున్న రాకుమారి కథ తన రచనలన్నిటిలోకీ అత్యంత సంపూర్ణమైనది కాగలదన్న నమ్మకాన్ని కూడా ప్రకటించాడు. స్ట్రాహన్ సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది, 1872లో ఆయన చేతిలోంచి పత్రికలు జారిపోయాయి. సంపాదకుడిగా మెక్‌డొనాల్డ్ ఓడిపోయాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నాలుగేళ్ల లోపల ఒక పిల్లల పత్రిక రెండు చిరకాల రచనలను లోకానికి ఇచ్చింది. ఏ పత్రికకైనా అంతకంటే ఏం కావాలి?

కొత్తగాచేరాను రాశారు:

నేను ఆయన రచనలేవీ చదవలేదు. చర్చ చదివాక ఆసక్తి కలిగింది. ‘ఆలిస్’ కథ రాసిన లూయిస్ కారొల్‌కు ఆయన స్నేహితుడని ఎక్కడో విన్నాను. అది నిజమేనా? పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

పిల్లలబడి రాశారు:

కొత్తగాచేరాను గారూ, నిజమే. కారొల్ అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్. ఆయనకు నత్తి ఉండేది; దాని చికిత్స కోసం హేస్టింగ్స్‌లో జేమ్స్ హంట్ అనే నిపుణుడి దగ్గరకు వస్తూ, అప్పట్లో ఆ ఊళ్లో ఉంటున్న మెక్‌డొనాల్డ్‌తో పరిచయం పెంచుకున్నాడు. భూమి అడుగున ఆలిస్ చేసిన సాహసాల కథ చేతిరాత ప్రతిగా ఉన్నప్పుడే దాన్ని మెక్‌డొనాల్డ్ ఇంటికి పంపాడు. లూయీసా పిల్లలను కూర్చోబెట్టుకుని దాన్ని చదివి వినిపించింది. చిన్నవాడైన గ్రెవిల్, అలాంటి పుస్తకాలు అరవై వేలు ఉంటే బాగుండునన్నాడట. అచ్చు వేయమని ఆ కుటుంబం ప్రోత్సహించింది. 1865లో పుస్తకం వచ్చింది. సంపాదకత్వం అంటే పత్రికలో పేరు వేయించుకోవడం ఒక్కటే కాదని నేను అనడానికి ఇది కూడా కారణం. ఇంకొకరి కథలో సత్తువను గుర్తించి, వెనకాడే రచయితను ముందుకు నడిపించడం కూడా ఆ పనిలో భాగమే.

పుస్తకాలకు కాపీహక్కుల కాలం ఎప్పుడో ముగిసింది కాబట్టి ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో దాదాపు అన్నీ ఉచితంగా దొరుకుతాయి.

నాలుగోకొలత రాశారు:

నేను ప్రధానంగా సైన్స్ ఫిక్షన్ చదివేవాణ్ణి. మెక్‌డొనాల్డ్‌ను పిల్లల కథకుడిగానో, ధార్మిక రచయితగానో మాత్రమే చూడడం ఆయనకు అన్యాయం చేయడమేనని నా అభిప్రాయం. చర్చ మొదటి వ్యాసంలో ఆయన కాలేజీ చదువు గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆయన అక్కడ శ్రద్ధగా చదివింది రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం. రసాయనశాస్త్రాన్నే వృత్తిగా తీసుకుని జర్మనీలో ప్రసిద్ధ రసాయనశాస్త్రవేత్త లీబిగ్ వద్ద చదవాలని ఆశపడ్డాడు. అందుకు డబ్బు లేకపోయింది.

ఆ చదువు ‘లిలిత్’లో బయటపడుతుంది. కథానాయకుడు వేన్ తన పూర్వీకుల ఇంట్లో, పాత గ్రంథాలయం పక్కన కాలం గడుపుతుంటాడు. కాకి రూపంలోనూ ముసలి గ్రంథాలయాధికారి రూపంలోనూ కనిపించే రేవెన్ అనే ఆయన వెంట మేడ మీది అటకకు వెళ్లి, అక్కడున్న అద్దంలోంచి మరో లోకంలోకి జారిపోతాడు. ఆ అద్దం పనిచేయడానికి ధ్రువణం చెందిన కాంతి, అంటే తరంగాలన్నీ ఒకే దిశలో కంపించే కాంతి కావాలి. ఏడు పరిమాణాల (డైమెన్షన్ల) ప్రాంతం గురించి కూడా ఆ పుస్తకంలో మాట వస్తుంది. రెండు లోకాలూ ఒకే చోటును ఆక్రమించుకుని ఉన్నాయనీ, ఇక్కడ ఇంట్లో పియానో ఉన్నచోటే అక్కడ అడవి పూలు ఉన్నాయనీ రేవెన్ వివరించే ఘట్టం చదివితే, అద్భుత కథ చెబుతున్నవాడు హఠాత్తుగా భౌతికశాస్త్ర విద్యార్థిగా మారిపోయినట్టు ఉంటుంది.

ఇది నేను కల్పించి చూస్తున్న సంబంధం కాదు. ‘లిలిత్’ వెలువడిన 1895లోనే సైన్స్ ఫిక్షన్ రచయిత హెచ్. జి. వెల్స్ ఆయనకు ఉత్తరం రాశాడు. మూడింటికి మించి పరిమాణాలు ఉన్నాయనుకుంటే మనకు ఊపిరికన్నా దగ్గరగా వేరే లోకాలు ఉండి తీరాలన్న ఊహ మీదే తానూ ఒక పుస్తకం రాస్తున్నానని అందులో పేర్కొన్నాడు. డెబ్భై ఏళ్ల విక్టోరియా కాలపు రచయిత, అప్పుడే పేరు తెచ్చుకుంటున్న ముప్ఫై ఏళ్ల లోపు యువకుడు, ఒకే ఏడాది ఒకే ఆలోచన దగ్గర కలుసుకున్నారు. సమాంతర లోకాల కథల చరిత్ర రాసేవారు ఈ కలయికను వదిలేయకూడదు.

గుండ్లకమ్మతీరం రాశారు:

చర్చ ఉన్నత స్థాయిలో సాగుతోంది. అయితే ఇప్పటిదాకా అందరూ ఆయన వాస్తవికతా నవలలను పొట్టకూటి కోసం చేసిన చాకిరీగానే చూస్తున్నారు. దీనితో నేను ఏకీభవించలేను.

‘అలెక్ ఫోర్బ్స్ ఆఫ్ హౌగ్లెన్’ (1865), ‘రాబర్ట్ ఫాల్కనర్’ (1868), ‘సర్ గిబీ’ (1879) చదవండి. ఎబర్డీన్‌షైర్ పల్లెలు, కఠినమైన కాల్వినిస్టు (ప్రొటెస్టెంట్ క్రైస్తవంలో ఒక శాఖ) మతశిక్షణ, బడిలో పిల్లల మీద పడే దెబ్బలు, తాగుబోతు తండ్రులు, మనుమడు ప్రాణంగా చూసుకునే వయొలిన్‌ను పాపభీతితో పొయ్యిలో వేసే నాయనమ్మ, అన్నీ ఆయన కళ్లారా చూసిన జీవితం లోంచి వచ్చినవే. ఆ నాయనమ్మను ఆయన దుర్మార్గురాలిగా చూపలేదు. ప్రేమ, భయం ఒకే మనసులో ఎలా కాపురం చేస్తాయో ఆ పాత్రలో చూడవచ్చు. పాత్రలు మాట్లాడే భాష ‘డోరిక్’, అంటే స్కాట్లాండ్ ఈశాన్య ప్రాంతపు మాండలికం. దాన్ని ఆయన గ్రామీణుల హాస్యం కోసం వాడుకోలేదు. ఆ నవలల్లో అత్యంత గంభీరమైన మాటలు ఆ భాషలోనే పలుకుతాయి.

1980ల నుంచి అమెరికాలో ఈ నవలలను కుదించి, మాండలిక సంభాషణలను మామూలు ఇంగ్లిష్‌లోకి మార్చి, పేర్లు కూడా మార్చి అమ్మారు. వాటి వల్ల కొత్త పాఠకులు వేల సంఖ్యలో వచ్చి ఉండవచ్చు, దాన్ని నేను తక్కువ చేయను. కానీ కోస్తా, సీమ, తెలంగాణ మాండలికాల్లో వచ్చిన కథలను పత్రికా భాషలోకి మార్చి అచ్చువేస్తే మనకెంత బాధ కలుగుతుందో, ఆ కుదింపులు చదివిన స్కాట్లాండ్ పాఠకులకూ అంతే బాధ కలుగుతుంది. దయచేసి మూలాలనే చదవండి.

మరొక సంగతి. ఈ నవలలకూ ఆయన ఫాంటసీకీ మధ్య గోడ కట్టడం కూడా సరికాదు. ‘డేవిడ్ ఎల్గిన్‌బ్రాడ్’లో వశీకరణ విద్య ఉంది, దెయ్యం పట్టిన గది కథ ఉంది. 1860లో ‘కార్న్‌హిల్’ పత్రికలో వచ్చిన ‘ద పోర్టెంట్’ మొత్తం హైలాండ్ (స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న కొండసీమ) ప్రజలు నమ్మే దివ్యదృష్టి మీదే నడుస్తుంది. ముప్ఫై ఏడేళ్లు ఊహాశక్తి ఎక్కడ తలదాచుకుందన్న ప్రశ్నకు పత్రిక ఒక్కటే జవాబు కాదు.

పాతపుస్తకాలగది రాశారు:

గుండ్లకమ్మతీరం గారి అభ్యంతరంలో బలం ఉంది. ‘ద పోర్టెంట్’ కూడా పత్రికా రచనే అన్న మాట మాత్రం గుర్తు చేస్తాను. నా వాదనను కొంచెం విడమరచి చెబుతాను.

మూడు సంపుటాల నవలలో ఆయన అద్భుతాన్ని దాచి చెప్పవలసి వచ్చేది. వశీకరణ అనో, జ్వరం అనో, కల అనో ఒక ముసుగు వేయాల్సి వచ్చేది. 1864 నాటి ‘అడేలా క్యాత్‌కార్ట్’ చూడండి. జబ్బుపడిన అమ్మాయికి ఇంటికి వచ్చినవాళ్లు కథలు చెప్పే నెపం మీద ‘ద లైట్ ప్రిన్సెస్’ లాంటి అద్భుత కథలను నవల లోపల పెట్టాడు. భూమ్యాకర్షణ లేని రాకుమారి గాలిలో తేలిపోవడం, ఏడవడం చేతకాకపోవడం, చివరకు ఏడుపు వచ్చాకే నేల మీద కాలు నిలవడం అందులో కథ. ఆ ఆలోచన ఎంత గొప్పదో చూడండి. అంతటి కథకు కూడా పెద్దల ప్రపంచంలో నేరుగా చోటు దొరకలేదు, ఇంకో కథ గొడుగు కింద నిలబడవలసి వచ్చింది. 1867లో ‘డీలింగ్స్ విత్ ద ఫెయిరీస్’ సంపుటంలోకి చేరాకే దానికి సొంత ఇల్లు దొరికింది. ‘ద గోల్డెన్ కీ’ కూడా ఆ సంపుటంలోనిదే.

పిల్లల పత్రిక చేతికి వచ్చాక ఆ నెపాల అవసరం పోయింది. నెలనెలా ఒక భాగం ఇవ్వాలి, బొమ్మకు వీలుండాలి, పిల్లవాడు మళ్లీ నెల దాకా గుర్తుంచుకునేలా ఉండాలి. ‘ఫాంటాస్టెస్’లో కథ ఒక చోటి నుంచి మరో చోటికి కలలాగా కొట్టుకుపోతుంది, ‘ద ప్రిన్సెస్ అండ్ ద గాబ్లిన్’లో ఒక్క అధ్యాయం కూడా దారి తప్పదు. పైన మేడలో ఎవరికీ కనిపించని ముత్తవ్వ, కింద గనుల్లో కుట్ర పన్నుతున్న గాబ్లిన్‌లు, మధ్య అంతస్తులో ఎనిమిదేళ్ల ఐరీన్, ఆమెను నడిపించే కంటికి కనిపించని దారం. ఆ ఇంటి నిర్మాణమే కథ నిర్మాణం. అంత పొందిక ఆయన మరే పెద్ద రచనలోనూ నాకు కనిపించలేదు. ధారావాహిక క్రమశిక్షణే దానికి కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను. అన్నట్టు, ఐరీన్ అన్నది ఆయన సొంత కూతురి పేరు.

నిదానంగాచదువుతాను రాశారు:

అభిమానంతో పాటు విమర్శ కూడా ఉండాలి కాబట్టి రాస్తున్నాను. ఆయన వాక్యాలు చాలాచోట్ల బరువుగా ఉంటాయి. నవలల్లో పాస్టర్ మళ్లీ తలెత్తుతాడు. వేదిక పోగొట్టుకున్నవాడు ప్రతి పాత్రనూ వేదికగా చేసుకున్నట్టు అనిపిస్తుంది. ఇది కేవలం నా అభిప్రాయం కాదు. ఆయనను అంతగా గౌరవించిన సి. ఎస్. లూయిస్ కూడా 1946లో తాను కూర్చిన మెక్‌డొనాల్డ్ సంకలనం ముందుమాటలో, భాషను మలిచే రచయితగా ఆయనను మొదటి వరసలో నిలబెట్టలేమని ఒప్పుకున్నాడు. ఆయన గొప్పతనం పురాణ కల్పనలో ఉందనీ, అది మాటల అల్లికను దాటి మనసులో నిలుస్తుందనీ అక్కడే వాదించాడు.

ఇది నాకు న్యాయమైన తీర్పుగా తోస్తుంది. ‘ద గోల్డెన్ కీ’ చదివి ఎన్నో ఏళ్లయినా, ఇంద్రధనుస్సు కొన దగ్గర దొరికిన తాళంచెవి, సముద్రపు ముసలివాడు, భూమి ముసలివాడు, వారందరికంటే వయసులో పెద్దవాడై ఉండి కూడా పసిబిడ్డ రూపంలో ఆడుకుంటున్న అగ్ని ముసలివాడు నాకు స్పష్టంగా గుర్తున్నారు. వాక్యం ఒక్కటి కూడా గుర్తులేదు.

పిల్లలబడి రాశారు:

నిదానంగాచదువుతాను గారూ, బోధ గురించి మీరన్నది నవలల విషయంలో చాలావరకు నిజం. పిల్లల కథల విషయంలో మాత్రం ఆయనకు స్పష్టమైన సిద్ధాంతం ఉంది. 1893 నాటి ‘ద ఫెంటాస్టిక్ ఇమాజినేషన్’ అనే వ్యాసంలో దాన్ని వివరించాడు. రచయిత తన ఊహాలోకానికి కొత్త ప్రకృతి నియమాలు పెట్టుకోవచ్చు, కానీ ఒకసారి పెట్టుకున్నాక వాటికి కట్టుబడాలి. నైతిక నియమాలను మాత్రం తలకిందులు చేసే హక్కు ఎవరికీ లేదు. కథకు అర్థం ఏమిటని అడిగేవారికి, చదివిన ప్రతివారికీ వారి వారి అర్థం దొరకవచ్చునంటాడు. తాను పిల్లల కోసం రాయననీ, వయసు ఐదైనా యాభై అయినా డెబ్భై ఐదైనా పసితనం ఉన్నవారి కోసం రాస్తాననీ చెప్పిన మాట ఆ వ్యాసంలోదే. ఊహాలోకాలు నిర్మించే పద్ధతి గురించి ఆ తర్వాత జరిగిన చర్చకు ఇది గట్టి పునాది వేసింది.

ఆయన పిల్లలకు తీపి ముగింపులే ఇచ్చాడనుకునేవారు ‘ద ప్రిన్సెస్ అండ్ కర్డీ’ చదవాలి. 1883లో పుస్తకంగా వచ్చింది. గని కార్మికుడి కొడుకు కర్డీ గులాబీల మంటలో చేతులు పెట్టి ఒక శక్తి పొందుతాడు: ఎవరి చేతిని పట్టుకున్నా, లోపల ఆ మనిషి మనిషిగానే ఉన్నాడో, మృగంగా మారుతున్నాడో అతనికి తెలిసిపోతుంది. దుష్టులు ఓడిపోతారు, కర్డీ ఐరీన్‌ను పెళ్లాడతాడు. సరిగ్గా అక్కడ ఏ రచయితైనా ఆపుతాడు. ఈయన ఆపడు. వారికి సంతానం కలగదు, వారి తర్వాత వచ్చిన రాజు బంగారం కోసం నగరం కిందనే తవ్విస్తాడు, ఒకనాడు నగరమంతా కూలిపోతుంది, దాని పేరు కూడా ఎవరూ తలవరు. ఈ ముగింపు చదివి వినిపించిన రోజు మా తరగతి పిల్లలు చాలాసేపు ప్రశ్నలు అడిగారు. ఎక్కువమంది అడిగింది రాజు గురించే: కింద తవ్వితే పైన కూలుతుందని ఆయనకు తెలియదా అని.

లెక్కలపుస్తకం రాశారు:

పత్రిక వదిలిన వెంటనే జరిగింది కూడా చెప్పుకోవాలి. 1872 సెప్టెంబర్‌లో భార్యతోనూ పెద్దకొడుకు గ్రెవిల్‌తోనూ అమెరికా వెళ్లాడు. 1873 మే దాకా ఊరూరా ఉపన్యాసాలు. బాస్టన్‌కు చెందిన రెడ్‌పాత్ సంస్థ ఏర్పాట్లు చూసింది. ఎక్కువ ఊళ్లలో జనం అడిగింది స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ మీది ఉపన్యాసాన్నే. ఎమర్సన్, లాంగ్‌ఫెలో, మార్క్ ట్వేన్ లాంటివారిని కలిశాడు. న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో ఒక చర్చి ఏడాదికి 20,000 డాలర్ల జీతం ఇస్తామన్నా తిరస్కరించాడు. ఇరవై ఏళ్ల కిందట జీతం కోసి బయటికి పంపినవారి వేదిక లాంటిదే మరొకటి, ఎన్నో రెట్ల జీతంతో ఎదురుగా నిలిచినా ఆయన మళ్లీ ఎక్కలేదు.

ఆయన పుస్తకాలు అమెరికాలో విపరీతంగా అమ్ముడయ్యేవి, కానీ ఎక్కువ భాగం అనుమతి లేని ముద్రణలే. విదేశీ రచయితలకు అక్కడి చట్టం రక్షణ ఇచ్చింది 1891లో. అంతకుముందు ట్వేన్, మెక్‌డొనాల్డ్ కలిసి ఒక నవల రాస్తే రెండు దేశాల్లోనూ హక్కులు కాపాడుకోవచ్చునని ఉత్తరాల్లో ఆలోచించారు కూడా. అది జరగలేదు. ట్వేన్ పిల్లలు ‘నార్త్ విండ్’ను ఎన్నిసార్లు చదివించుకున్నారంటే, ఆ ప్రతి చిరిగిపోయి ఆయన మరొకటి అడగవలసి వచ్చింది.

కొత్తగాచేరాను రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. ‘ద లైట్ ప్రిన్సెస్’తో మొదలుపెట్టాను. ఆ తర్వాత నేరుగా ‘లిలిత్’కు వెళ్లవచ్చా?

పాతపుస్తకాలగది రాశారు:

మధ్యలో ‘ద గోల్డెన్ కీ’, ‘ద ప్రిన్సెస్ అండ్ ద గాబ్లిన్’ చదవడం మంచిది. ‘ఫాంటాస్టెస్’ను తొందరపడి చదవకండి. సి. ఎస్. లూయిస్ 1916లో లెదర్‌హెడ్ రైల్వే స్టేషన్‌లో ఆ పుస్తకాన్ని కొన్నప్పుడు పదిహేడేళ్లవాడు; తన ఊహకు అది బాప్తిస్మం ఇచ్చిందని తర్వాత రాసుకున్నాడు. అందరికీ అలా జరగకపోవచ్చు. టోల్కీన్ సంగతే చూడండి. గాబ్లిన్‌ల విషయంలో మెక్‌డొనాల్డ్ రుణాన్ని ఒప్పుకుంటూనే, వాటి పాదాలు మెత్తగా ఉంటాయన్నది తాను ఎన్నడూ నమ్మలేదన్నాడు. 1960లలో ‘ద గోల్డెన్ కీ’కి ముందుమాట రాయమని అడిగితే ఒప్పుకుని మొదలుపెట్టాడు, అది ముందుమాటగా పూర్తికాలేదు గానీ, అందులోంచి ‘స్మిత్ ఆఫ్ వూటన్ మేజర్’ అనే కొత్త కథ పుట్టింది.

అమెరికాలో సంపాదకుడు లిన్ కార్టర్ 1969లో ‘లిలిత్’నూ, 1970లో ‘ఫాంటాస్టెస్’నూ బాలంటైన్ పేపర్‌బ్యాక్ వరసలో తిరిగి తెచ్చాడు. పెద్దల ఫాంటసీగా ఆ రెండూ కొత్త తరానికి విస్తృతంగా చేరింది అప్పుడే.

నాలుగోకొలత రాశారు:

‘లిలిత్’ చదవబోయేవారికి దాని రచనాక్రమం తెలిస్తే ఉపయోగపడుతుంది. మొదటి ప్రతిని 1890 మార్చిలో ఒక్క ఊపులో రాశాడు. అచ్చయింది 1895లో. మధ్యలో పదే పదే తిరగరాశాడు. ఆ ప్రతులు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ కాలంలో ఆ కుటుంబం ఎక్కువగా ఇటలీ సముద్రతీరంలోని బోర్డిగెరాలో ఉండేది. కూతురు మేరీ 1878లో, కొడుకు మారిస్ 1879లో, కూతురు గ్రేస్ 1884లో అప్పటికే పోయారు. ‘లిలిత్’ను తిరగరాస్తున్న కాలంలోనే, 1891లో, పెద్దకూతురు లిలియా క్షయతో మరణించింది. మరణించినవారు చల్లని పెద్ద గదిలో వరసగా నిద్రిస్తూ, మేలుకొనే వేళ కోసం ఎదురుచూసే ఆ ఘట్టాలను ఈ తేదీలు పక్కన పెట్టుకుని చదవాలి.

లూయీసాకు ఆ పుస్తకం నచ్చలేదు, అది ఆమెను కలవరపెట్టింది. గ్రెవిల్ మాత్రం దాన్ని గట్టిగా సమర్థించాడు. పాతపుస్తకాలగది గారి వాదనకు ఇక్కడ నేనొక చేర్పు చేస్తాను. మొదటి ప్రతిని, అచ్చయిన ప్రతిని పక్కపక్కన పెట్టి చూస్తే, ‘ఫాంటాస్టెస్’ను రెండు నెలల్లో రాసి ప్రచురణకర్తకు ఇచ్చేసిన మనిషి, ‘లిలిత్’ మీద ఐదేళ్లు పనిచేశాడని తెలుస్తుంది. నెలనెలా అచ్చుకు ఇవ్వడం ఆయనకు పొందిక నేర్పి ఉండవచ్చు. గడువు లేని ఈ ఐదేళ్లు ఆయనతో మరో రకం పని చేయించాయి. పిల్లల పత్రిక పాఠాలు ‘లిలిత్’లో ఎంతవరకు నిలిచాయో తేల్చాలంటే ఆ రెండు ప్రతులనూ అధ్యాయం వారీగా పోల్చాలి. తొలి ప్రతి కూడా ఇప్పుడు అచ్చులో దొరుకుతోంది. నేను మొదటి ఐదు అధ్యాయాలతో ప్రారంభిస్తాను. ఎవరైనా కలిసి చదువుతామంటే ఇక్కడే రాయండి.